కొత్తింట్లో అడుగుపెట్టిన ఆవు

సంతకం పెడతానని మునెమ్మ ఒప్పుకుని అప్పటికి అరగంట దాటింది. పెట్టనివ్వకుండా అడ్డు కూర్చున్నది ఉషారాణి ఒక్కతే.

మదనపల్లెలో సి.ఐ. మధుసూదన్ గది అది. బల్ల మీద ఒక కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను. టమోటా మండీ నడిపే వెంకటేశులు భార్య మాధవీలత ఒంటినిండా ఎర్రమచ్చలు లేచి, జ్వరంతో చనిపోయి అయిదు రోజులైంది. ఆమెను చంపింది తాను పూసిన ఆకుపసరేనని మునెమ్మ ఒప్పుకుంటున్నట్టు ఆ కాగితంలో రాసి ఉంది. మునెమ్మది నిమ్మనపల్లె. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. దద్దుర్లకూ గజ్జికీ ఆకు నూరి పూస్తుంది. ఆమె చేతి పసరు పూయించుకున్న మరొకరు ఇప్పుడు కుప్పం ఆసుపత్రిలో అవే మచ్చలతో పడి ఉన్నారు. ఆ మరొకరు ఎవరో కాదు, అక్కడే హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే ఆమె సొంత మనవరాలు శ్రుతి.

మధుసూదన్ బేరం సూటిగా ఉంది. సంతకం పెడితే వెంటనే జీపులో కుప్పం పంపి మనవరాలిని చూపిస్తాడు. పెట్టకపోతే విచారణ ముగిసేదాకా ఇక్కడే కూర్చోవాలి.

మునెమ్మకు కావలసింది ఒక్కటే. బిడ్డ కళ్ళు తెరిచి ఉండగా ఒకసారి చూడాలి. తల్లి పోయినప్పటి నుంచి ఆమె చేతుల్లో పెరిగిన పిల్ల. వారం కిందట కుప్పం బస్సుకు బయలుదేరుతూ గుమ్మంలో నిలబడి పోయొస్తానంటే, మునెమ్మ రోట్లో ఆకు నూరుతూ తల ఎత్తలేదు. పొద్దుటి నుంచి స్టేషన్లో ఎవరేం అడిగినా ఆమె చెబుతున్నది ఆ తల ఎత్తకపోవడం గురించే.

ఉషారాణి ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేసి, మధ్యలోనే వదిలేసి, సొంతంగా పరిశోధనలు చేస్తోంది. ఒకప్పుడు మధుసూదన్ ఆమె కింద ఎస్సై. పంచనామా రాయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆమెను మేడం అని పిలిచేటప్పుడు ఆ మాటను కావాలనే ఒత్తి పలుకుతాడు.

"ఇద్దరికీ మచ్చలు, ఇద్దరికీ జొరం, ఇద్దరికీ ఈమె పసరు," అన్నాడు. "ఇంకేం కావాల మేడం? రెండు కేసుల్లో ఉమ్మడిగా కనిపించే మనిషిని ముందు పట్టుకోమని మీరే గదా చెప్తా ఉండింది."

"మచ్చలు లేచినాక ఆ మనిషి దగ్గరికి పోయినారా, పోయినాక లేచినాయా, అది ముందు తేల్చమని కూడా చెప్పినాను. సగమే నేర్చుకున్నావు."

ఆమె ఊరికే అనలేదు. ఆ ఉదయమే కుప్పం నుంచి డాక్టర్ దీప ఫోను చేసింది. శ్రుతికి వైద్యం చేస్తున్నది ఆమే, మునెమ్మను స్టేషన్‌కు తెచ్చారని ఉషారాణికి చెప్పి పంపింది కూడా ఆమే. ఆ పిల్లకు అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ కూడా మచ్చలున్నాయని, చెవి వెనక జుట్టులో సిగరెట్టుతో కాల్చినట్టు నొప్పిలేని చిన్న నల్లపొక్కు ఉందని చెప్పింది. పిడుదు కరిస్తే వచ్చే జ్వరంలో అలా ఉంటుందట. పశువుల ఒంటికీ కుక్కల ఒంటికీ పట్టుకుని రక్తం తాగే పిడుదు, కొందరు గోమారి అంటారు, అదే. ఆ అనుమానం మీద రెండు రోజుల కిందటే మందు మొదలుపెట్టింది. చనిపోయిన మాధవీలతకు కూడా అలాంటి నల్లపొక్కు ఉండిందేమో కనుక్కోమని దీప అడిగింది. ఉంటే, ఇద్దరినీ పట్టింది ఒకే రోగమని గట్టిగా చెప్పవచ్చు.

ఉషారాణి ఇది చెప్పగానే మధుసూదన్ నవ్వాడు. మాధవీలత చనిపోయిన రోజే దహనం అయిపోయింది. పసరు వల్లేనేమోనని, ఆమెను చివర్లో చేర్చిన నర్సింగ్ హోంలో ఎవరో అన్నారని వెంకటేశులు ఫిర్యాదు ఇచ్చింది ఆ తరువాత. పోస్టుమార్టం లేదు.

"బూడిదలో మచ్చ వెతుకుతారా మేడం?"

ఉషారాణి లేచి నిలబడింది. "ఆడమనిషిని విచారణకని స్టేషన్‌కు పిలిపించకూడదు. ఇంటికి పోయి అడగాల. చట్టం అది. అరెస్టు చేసినానంటే కారణం రాసివ్వు, ఇప్పుడే లాయర్ని పిలుస్తాను. చెయ్యలేదంటే మేం పోతాండాం."

మధుసూదన్ పెన్నుకు మూత బిగించాడు. తరువాత, పొమ్మన్నాడు. సాయంత్రం అయిదుకు కుప్పం వస్తానని, అరెస్టు కాగితాలు తెస్తానని, అప్పటికి ఆమె దగ్గర ఇంకో ముద్దాయి లేకపోతే మునెమ్మను మనవరాలి మంచం పక్క నుంచే తీసుకుపోతానని చెప్పాడు.

లేవనిది మునెమ్మే. "యాలమ్మా నాకు ఇదంతా. పూసింది నా చెయ్యే గదా."

"ఆ చెయ్యి ఏం చేసిందో తేల్చాలంటే ముందు లెయ్యి. బిడ్డను నేను చూపిస్తా. నేను సంతకం అడగను," అంది ఉషారాణి.

వెంకటేశులు కొత్త ఇల్లు మండీకి దగ్గరలోనే ఉంది. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండి చుట్టుకుపోయాయి. గృహప్రవేశానికి కట్టిన తోరణం అది. విప్పే తీరిక ఎవరికీ దొరకక ముందే ఆ గుమ్మంలోంచి ఇల్లాలి శవం బయటికి పోయింది. ఉషారాణి కారును వీధి మలుపులోనే ఆపి, మునెమ్మను అందులోనే ఉండమని, తలుపులు లోపల నుంచి వేసుకోమని రెండుసార్లు చెప్పి లోపలికి నడిచింది.

వెంకటేశులు ఆమెను కూర్చోమనలేదు. పసరు మనిషికి వకాల్తా పుచ్చుకుని వచ్చారా అని అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా రోజుల వరస అడిగింది. ఇంట్లో పాలు పొంగించింది గురువారం. సరిగ్గా వారానికి జ్వరం. మాధవీలత అదే పోతుందని మాత్ర వేసుకుంది. ఆదివారం మునెమ్మ దగ్గరికి తీసుకుపోయారు. మచ్చలు తాను చూసింది సోమవారం పొద్దున. బుధవారం అంతా అయిపోయింది. పసరు ఆదివారం, మచ్చలు సోమవారం. అతని లెక్క అంత తేటగా ఉంది.

"మచ్చలు లేకుండానే మచ్చలకు ఆకు పూసే మనిషి దగ్గరికి యాల పోయినారప్పా?" అంది ఉషారాణి.

ఒళ్ళు దురద అన్నదని, ఆడవాళ్ళే తీసుకుపోయారని, తాను తెల్లారకముందే మండీకి పోతే పొద్దుగూకాకే ఇల్లు చేరతానని అన్నాడు. అబద్ధం చెబుతున్నవాడి మాట కాదు అది. భార్య ఒంటిని పగటి వెలుతురులో చూడని వాడి మాట.

ఆడవాళ్ళు ఎవరని అడిగితే తన చెల్లెలు మాలతి అన్నాడు. మాలతి వంటింట్లో ఉంది. అన్న ఇంట్లో ఉండగా నోరు విప్పదని ఉషారాణికి చూడగానే అర్థమైంది. నీళ్ళు కావాలని అడిగి, చెంబుతో పాటు ఆమెను పెరట్లోకి తీసుకుపోయింది.

పెరట్లో అడిగింది ఒక్కటే. వదినకు చివరి స్నానం చేయించింది ఎవరు.

తానూ, ఇంకో ముసలామె, అంది మాలతి. నీళ్ళు పోసింది తానే. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నర్సింగ్ హోం వాళ్ళూ అడగలేదు, పోలీసులూ అడగలేదు.

"ఒంటి మీద ఏమన్నా చూసినావామ్మా? కాలినట్టు?"

"లంగా బొందు కట్టుకునే కాడ," అంది మాలతి. తన నడుము మీద వేలు పెట్టి చూపించింది. "నల్లగా, కందిగింజంత. చుట్టూరా ఎర్రగా ఉండె. బొందు ఒరుసుకుని పుండు పడిందేమో అనుకుంటిమి. పోయిన మనిషి పుండు గురించి ఎవురికి చెప్పాల?"

మచ్చలు ఎప్పుడు లేచాయని ఉషారాణి అడిగింది. శనివారమే, అంది మాలతి. పసరుకు పోకముందే. మొదట మణికట్టు దగ్గరా, చీలమండల దగ్గరా. వదిన చీర కొంగు కప్పుకుని అన్నకు కనపడనివ్వలేదు. ఇల్లంతా చుట్టాలు, కొత్తింట్లో ఇదేం అపశకునం అంటారని.

"అరచేతుల్లో?"

"గోరింటాకు ఉండాది గదమ్మా. కాళ్ళకు కూడా. గృహప్రవేశానికి పెట్టింది నేనే, ఎర్రంగా పండింది. ఎరుపు మీద ఎరుపు ఎవురికి కనిపిస్తాది? స్నానం చేయించేటప్పుడు చెయ్యి తిప్పి చూస్తే అప్పుడు తెలిసింది. గోరింటాకు చుక్కల మధ్యలో, నేను పెట్టని చుక్కలుండినాయి."

ఉషారాణి ఆ మాటను మనసులో రెండుసార్లు అనుకుంది. నర్సింగ్ హోంలో మాధవీలత చేతులు చూసిన వాళ్ళు గోరింటాకును చూసి తృప్తిపడ్డారు. దాని కింద ఏముందో చూడలేదు.

ఇక మిగిలింది పిడుదు. పాలిషు బండలు పరిచిన కొత్తింట్లోకి పిడుదు ఎలా వచ్చింది? ఇంట్లో కుక్క లేదు, పశువు లేదు. మాలతి కళ్ళు తుడుచుకుని తన ఫోన్లోని ఒక ఫోటో చూపించింది. గృహప్రవేశం నాడు ఇంట్లో ముందు అడుగుపెట్టిన ఆవు. పుంగనూరు పొట్టి ఆవు, మోకాలికి కాస్త ఎత్తు. వీపు మీద అద్దాలు కుట్టిన ఎర్రటి ముఖమల్ గుడ్డ. ఈ రోజుల్లో అపార్టుమెంటు లిఫ్టులో కూడా పట్టే ఆవని అందరూ దాన్నే పిలిపించుకుంటున్నారు. పుంగనూరు ఈశ్వరప్ప అద్దెకు పంపుతాడు. కొత్తింట్లో మూడు నిద్రలు చేయాలి గదా, ఆ మూడు రాత్రులూ లక్ష్మి ఇంట్లోనే ఉన్నట్టని ఆవు గుడ్డను ఇంట్లోనే వదిలి, నాలుగో రోజు వచ్చి తీసుకుపోతాడు. అది ఆయన పెట్టిన పద్ధతి. వదిన ఆ గుడ్డను పరుపు కింద కూడా కాదు, పరుపు మీదే పరుచుకుని మూడు రాత్రులు పడుకుంది.

ఉషారాణి ఫోటోను వేళ్ళతో పెద్దది చేసింది. ఆవు పక్కన వంగి మెడలో గంటలు సరిచేస్తున్న ఒక అమ్మాయి సగం మొహం అందులో పడింది.

చావింటి నుంచి పోయొస్తానని చెప్పకూడదు. ఆమె చెంబు గట్టు మీద పెట్టి, వెనక దారిన కారు దగ్గరికి వచ్చింది. తన ఫోన్లోకి తెచ్చుకున్న ఆ ఫోటోను మునెమ్మ ముందు పెట్టింది.

మునెమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. "మా శ్రుతి," అంది. "సెలవులకు ఇంటికొస్తే ఆవును సింగారించే దానికి పోతాది. ఆ గుడ్డలకు అద్దాలు కుట్టేది కూడా ఇదే. భుజాన ఏసుకోని ఇంటికి తెచ్చుకునేది."

"నీ ఆకు కన్నా ముందు ఇద్దరినీ తాకింది ఆ గుడ్డమ్మా," అంది ఉషారాణి. కారు కదిలాక మునెమ్మ మొదటిసారి వెనక్కి ఆనుకుని కూర్చుంది.

పుంగనూరు పొలిమేరలో ఈశ్వరప్ప కొట్టం అద్దంలా ఉంది. సిమెంటు నేల, పైన ఫ్యాన్లు, వరసగా ఆరు పొట్టి ఆవులు. కడిగిన నేల మీద పురుగుమందు వాసన ఇంకా ఆరలేదు. ఈశ్వరప్ప తెల్ల పంచె, నుదుట విభూది, చేతిలో ఫోను. ఉషారాణి ఎందుకు వచ్చిందో చెప్పగానే కోపం తెచ్చుకోలేదు, నవ్వాడు. ఆయన నవ్వు చూసి ఆమెకు లోపల బెదురు పుట్టింది. తప్పు లేనివాడు నవ్వుతాడు, తప్పు కడిగేసుకున్నవాడూ నవ్వుతాడు.

"సూడమ్మా. ఆరు ఆవులుండాయి. చెవుల్లో సూడు, తోక కింద సూడు. ఒక్క పిడుదు సూపిస్తే ఆవును నీ కారుకు కట్టి పంపిస్తా," అన్నాడు.

ఆమె చూసింది. చెవుల మడతలు, గంగడోలు, పొదుగు పక్కన, డెక్కల నడుమ. ఏమీ లేదు. ఆవులు ముట్టుకోనిస్తూ బొమ్మల్లా నిలబడ్డాయి. గోడ గడియారం రెండు దాటింది. ఇక్కడి నుంచి కుప్పం చేరాలి, అయిదుకు మధుసూదన్ కాగితాలతో వస్తాడు.

మందు ఎప్పుడు కొట్టారని అడిగింది. పది రోజులకోసారి అన్నాడు ఈశ్వరప్ప. మొన్న కూడా కొట్టారా అంటే, కొట్టామన్నాడు. పది రోజులకు ముందే ఎందుకు కొట్టారంటే, ఆయన ఫోను చూసుకున్నాడు.

"ఈడ పనిచేసే వాళ్ళలో ఎవురికన్నా జొరమొచ్చిందా? మచ్చలతో?"

రాలేదని ఆయన అనేలోపలే, పేడ ఎత్తుతున్న ఆడమనిషి తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆ చూపు చాలు. ఉషారాణి ఆమెను ఏమీ అడగలేదు. అడిగితే ఆ మనిషి పని పోతుంది. ఈశ్వరప్ప వైపే నిలబడి, ఆ చూపు తాను చూసినట్టు ఆయనకు తెలిసేదాకా మౌనంగా ఉంది.

చివరికి ఆయనే చెప్పాడు. ఆవులు కడిగేవాడికి నెల కిందట వచ్చింది. బెంగుళూరు తీసుకుపోయి చూపించాడు. పిడుదు జ్వరమన్నారు, మాత్రలిచ్చారు, వారంలో లేచి తిరిగాడు. అప్పటి నుంచే ఆవులకు మందు కొట్టడం ఎక్కువ చేశాడు. బయటికి చెబితే ముహూర్తాల కాలంలో ఎవరు పిలుస్తారు? తాను చేయవలసింది తాను చేశాడు.

"ఆవులకు కొట్టినావు. గుడ్డలకు?"

"గుడ్డకు యాల కొడతారమ్మా," అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపడి.

గుడ్డలు ఎక్కడున్నాయని అడిగి ఆమె ముందే నడిచింది. కొట్టం వెనక చిన్న గది. నులక మంచం మీద ముఖమల్ గుడ్డలు మడిచి దొంతరగా పెట్టి ఉన్నాయి. దొంతర మీద, రాజు గద్దె మీద పడుకున్నట్టు, ఒక కాపలా కుక్క పడుకుంది. మంచం కింద ఇంకొకటి. కుక్కల చెవులు చూడగానే ఆమె అడుగు వెనక్కి వేసింది. బూడిద రంగు గింజలు అతికించినట్టు ఉన్నాయి.

అన్నిటికన్నా కింది గుడ్డను కర్రతో లాగి, ఎండలో ఒక పెద్ద స్టీలు పళ్ళెం మీద పరిపించింది. ఎండ వేడికి కాసేపటికి అంచు కుట్టులోంచి, అద్దాల చుట్టూ వేసిన దారంలోంచి, ఒకటి బయటికి వచ్చింది. తరువాత మరొకటి. పళ్ళెం మీద నింపాదిగా నడిచాయి. మునెమ్మ కారు దిగి వచ్చి ఎప్పుడు నిలబడిందో ఉషారాణి గమనించలేదు.

"ఈ కుట్టు మా బిడ్డది," అంది మునెమ్మ.

ఈశ్వరప్ప తల దించుకున్నాడు గానీ, ఉషారాణి గుడ్డలన్నిటినీ యూరియా సంచుల్లో కట్టించి డిక్కీలో వేయిస్తుంటే మళ్ళీ నోరు లేచింది. అవి తన సొత్తని, ఎవరిని అడిగి తీసుకుపోతున్నారని, తనకు తెలిసిన పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారని అన్నాడు. ఎంతమంది ఉంటే అంతమందినీ కుప్పం పంపమని, అక్కడ మంచాలు ఖాళీగా ఉన్నాయని చెప్పి ఆమె డిక్కీ మూసింది. చిన్న సీసాలో దూది, దూది మీద నాలుగు పిడుదులు, బిగించిన మూత. అది ఆమె చేతిసంచిలో ఉంది.

పలమనేరు దాటుతుండగా దీప ఫోను చేసింది. నల్లపొక్కు సంగతీ గుడ్డ సంగతీ చెబితే సంతోషించాలి. దీప గొంతులో సంతోషం లేదు. త్వరగా రండి అని మాత్రం అంది.

కుప్పం ఆసుపత్రిలో వాళ్ళు మేడ మెట్లు ఎక్కేసరికి మధుసూదన్ అప్పటికే వరండాలో ఉన్నాడు. ఉషారాణి సీసా తీసి దీప చేతిలో పెట్టి, మాలతి మాటలన్నీ మళ్ళీ చెప్పింది. దీప వింటూనే తల ఊపింది. రోగం గురించి ఇక అనుమానం లేదంది. మందుకు శ్రుతి జ్వరం నిన్ననే దిగింది, మచ్చలు కూడా వాడుతున్నాయి. కానీ మధ్యాహ్నం నుంచి మూత్రం టీ డికాక్షన్‌లా పోతోంది. ఒంట్లో రక్తం సగానికి పడిపోయింది. ఎర్రకణాలు లోపలే పగిలిపోతున్నాయి. పిడుదు జ్వరం తగ్గుతుండగా ఇలా కావడం ఆమె ఎరగదు.

"ఆ పసరులో ఏ ఆకు?" అని దీప అడిగింది.

కుప్పింటాకు, పసుపు, కల్లుప్పు, అంతేనంది మునెమ్మ.

దీప చెప్పడానికి తటపటాయించింది. మధుసూదన్ అక్కడే నిలబడి ఉన్నా దాచలేదు. కుప్పింటాకు కడుపులోకి పోతే కొందరికి రక్తం ఇలాగే విరుగుతుంది. పైన పూస్తే కాదు. తాగితే.

మధుసూదన్ ముందుకు వచ్చాడు. "జొరం పిడుదుది కావచ్చు మేడం, ఒప్పుకుంటా. ఇప్పుడు ఈ బిడ్డను చంపుతాండేది ఆకే గదా. తాగించినావా లేదా అవ్వా?"

"తాగించలేదు," అంది మునెమ్మ. పొద్దున నేనే చంపానన్న గొంతు కాదు అది. "నా ఆకు నోట్లోకి ఇచ్చేది కాదు. నలభై ఏండ్లుగా ఎవురికీ ఇయ్యలేదు, నా బిడ్డకు ఇస్తానా?"

"బిడ్డ స్పృహలో లేదు. నీ మాటకు సాక్ష్యం ఎవురు?"

ఉషారాణి ఇద్దరి నడుమా నిలబడింది. తాను పొద్దుటి నుంచి పేర్చుకున్నదంతా ఒక్క ఆకుతో కూలిపోతుందేమోనని భయం. అయినా గొంతు తగ్గించలేదు.

"ఇంట్లో ఒక దొంగ దొరికినాడని రెండోవాడి కోసం వెతకడం మానేస్తామా డాక్టరమ్మా? రక్తం పగలగొట్టేది ఆకు ఒక్కటేనా?"

ఒక్కటే కాదు, మలేరియా కూడా అంది దీప. మలేరియా కిట్టుతో చూశారు, లేదని వచ్చింది.

వాళ్ళు ఇలా మాట్లాడుతుండగానే మునెమ్మ ఎవరినీ అడగకుండా తలుపు తోసుకుని లోపలికి పోయింది. మధుసూదన్ ఆపబోతే ఉషారాణి చెయ్యి అడ్డం పెట్టింది. మునెమ్మ మంచం పక్కన నిలబడి మనవరాలి మొహం చూసింది. కళ్ళు తెరిచి లేవు. ఆ పసుపు పచ్చని చెంప మీద చెయ్యి పెట్టి, దుప్పటి సరిచేస్తూ, పొట్ట మీద ఎడమవైపు పక్కటెముకల కింద ఉన్న పాత కోత గుర్తును అలవాటుగా తడిమింది.

ఆ కోత గురించి తాను హాస్టల్ పిల్లల్ని అడిగానని, చిన్నప్పుడేదో ఆపరేషన్ అన్నారని వెనకే వచ్చిన దీప చెప్పింది.

"టమోటా బండి మీద నుంచి పడింది, ఎనిమిదేండ్ల పిల్లప్పుడు," అంది మునెమ్మ. "కడుపులో ఎడంపక్క ఏదో సిట్లిపోయిందని తీసి పారేసినారు. అది లేకపోయినా బతుకుతాది గానీ, జొరమొస్తే జాగర్త అన్నారు."

దీప చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ల్యాబు వైపు నడిచింది.

ఆమె తిరిగి వచ్చేలోపల మధుసూదన్ అరెస్టు కాగితాలు తీసి మునెమ్మను బయటికి రమ్మన్నాడు. మునెమ్మ మంచం పట్టీని పట్టుకుంది.

"నేను రాను. ఒకసారి తల ఎత్తకుండా పంపిస్తి. ఈసారి ఈడనే ఉంటా. కొడతావో, ఈడ్సకపోతావో నీ ఇష్టం."

అతను ఈడ్చలేదు. తలుపు దగ్గర నర్సులిద్దరు నిలబడి అతన్నే చూస్తున్నారు.

దీప వచ్చింది. కిట్టు అబద్ధం చెప్పలేదంది. మలేరియా కాదు. కానీ రక్తం చుక్కను తాను స్వయంగా సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ఎర్రకణాల లోపల చిన్న చిన్న ఉంగరాలు కనిపించాయి. కొన్ని కణాల్లో నాలుగు కలిసి పువ్వులా ఉన్నాయి. మలేరియాను పోలి ఉంటుంది గానీ అది వేరే జీవి, పశువుల్లోనూ కుక్కల్లోనూ ఉంటుంది, పిడుదు కాటుతోనే వస్తుంది. మనుషుల్లో తాను చూడటం ఇదే మొదలు. పేరు తేల్చడానికి పెద్ద ల్యాబుకు పంపాలి. మామూలు ఒంట్లో అయితే కడుపులో ఎడమపక్క ఉండే ప్లీహం దాన్ని వడగట్టేస్తుంది. ఈ పిల్లకు ఆ ప్లీహమే లేదు.

"ఆ గుడ్డ ఈ పిల్లకు ఒకటి కాదు, రెండు రోగాలిచ్చింది," అంది దీప. "మొదటిదానికి మందు వేశాను. రెండోది లోపల పని చేసుకుపోతోంది. ఆకు తాగితే రక్తం విరగవచ్చు. కణం లోపల ఉంగరాలు పుట్టవు."

మధుసూదన్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. క్షమించమని అడగలేదు, ఉషారాణి అడగమనలేదు. రెండో మందు ఎక్కించడం మొదలైంది. రక్తం కూడా ఎక్కించాలని, గ్రూపు చూడమని దీప నర్సుకు చెప్పింది.

మంచం కాళ్ళ దగ్గర ఇంతసేపూ నిలబడి ఉన్న శ్రుతి హాస్టల్ స్నేహితురాలు అప్పుడు మాట్లాడింది. గ్రూపు తనకు తెలుసు, ఓ పాజిటివ్. రెండు వారాల కిందట కాలేజీలో రక్తదానం పెట్టినప్పుడు ఇద్దరూ కలిసే ఇచ్చారు. అప్పటికి శ్రుతికి జ్వరం లేదు, బాగానే ఉండింది.

దీప చేతిలోని సిరంజి ట్రేలో పెట్టేసింది.

"ఏమైంది?" అంది ఉషారాణి.

జ్వరం బయటపడటానికి ముందే ఆ జీవి రక్తంలో ఉండి ఉంటుందని దీప చెప్పింది. రక్తం నిలవ చేసే సంచిలో, చల్లటి పెట్టెలో కూడా అది చావదు. ఎక్కించుకున్న వాళ్ళకు పోతుంది. రక్తం ఎక్కించుకునేది బిడ్డను కన్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు. వాళ్ళకు ఏ పిడుదూ కరవలేదు గనుక, ఏ డాక్టరూ దీని కోసం వెతకడు.

రక్తం తీసుకున్న వ్యాను ఎక్కడిదో ఆ పిల్లకు తెలియదు. చిత్తూరు వైపు పోయిందని మాత్రం గుర్తుంది.

మధుసూదన్ అప్పటికే ఫోను తీసి కాలేజీ వాళ్ళ నంబరు అడుగుతున్నాడు. జీపు తాళాలు రెండో చేతిలో ఉన్నాయి. ఉషారాణి మాత్రం కదలలేకపోయింది. శ్రుతి గుండె కొట్టుకోవడాన్ని చూపే గీత తెర మీద ఎగుడుదిగుడుగా పోతోంది. ఈ ముసలామెను, ఈ గీతను ఇలా వదిలి పోవడం ఎలా? తాను తిరిగి వచ్చేసరికి ఏది ఉంటుందో ఏది ఉండదో.

మునెమ్మ మనవరాలి చెయ్యి వదలకుండానే తల ఎత్తి ఆమెను చూసింది.

"ఈడ నేనుండా గదా. నువ్వు పో," అంది. "ఆ రక్తం ఎక్కించుకొనే బిడ్డకు గూడా ఎవురో ఒక అవ్వ ఉంటాది."